పాఠం 14: అనలాగ్ సింథసైజర్, డిజిటల్ సింథసైజర్ – వినికిడిలో తేడా

పిల్లలూ! తీగ కదిలితే వీణ పలుకుతుంది. తోలు కదిలితే మృదంగం పలుకుతుంది. గొట్టంలో గాలి కదిలితే వేణువు పలుకుతుంది. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే వాద్యంలో మీటడానికి తీగ లేదు, వాయించడానికి తోలు లేదు, ఊదడానికి గొట్టం లేదు. అది విద్యుత్తుతో పలుకుతుంది. దాని పేరు సింథసైజర్. మీలో చాలామంది ఇళ్ళల్లో ఉన్న కీబోర్డు కూడా దాని చుట్టమే.

సింథసైజర్లు ముఖ్యంగా రెండు రకాలు: అనలాగ్, డిజిటల్. "అనలాగ్‌దే అసలైన ధ్వని, డిజిటల్‌ది నకిలీ" అని కొందరు అంటారు. "రెండూ ఒకటే, తేడా అంతా మన ఊహ" అని ఇంకొందరు అంటారు. ఎవరి మాట నిజం? ఎవరో చెప్పారని నమ్మకుండా, మీ చెవితో మీరే తేల్చుకోవడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు:
• ధ్వనిని వర్ణించే తెలుగు మాటలు వాడగలుగుతారు.
• "కంటే", "అంత", "లాగా" ఉపయోగించి రెండు వస్తువులను పోల్చగలుగుతారు.
• అంకెలు ధ్వనిగా ఎలా మారతాయో ఇంట్లోవాళ్ళకు తెలుగులో చెప్పగలుగుతారు.

1. ముందు మాటలు, తర్వాత ధ్వని

ఇంగ్లీషులో అనలాగ్ ధ్వనిని "వెచ్చగా ఉంది" అంటారు. డిజిటల్ ధ్వనిని "చల్లగా ఉంది" అంటారు. తెలుగులో అలా అంటే వినేవాళ్ళు నవ్వుతారు. కాఫీ వెచ్చగా ఉంటుంది, ధ్వని కాదు! మనకు వేరే మాటలున్నాయి. వీటిని పైకి చదవండి.

నిండుగా – లోటు లేకుండా, గది అంతా నిండినట్టు. "తాతయ్య గొంతు నిండుగా ఉంటుంది."
మెత్తగా – చెవికి గుచ్చుకోకుండా.
బొంగురుగా – జలుబు చేసినప్పుడు మన గొంతులా.
కీచుగా – సన్నగా, చెవిలో గుచ్చుకునేట్టు. "తలుపు కీచుమంది."
ఖంగుమని – గట్టి లోహాన్ని కొట్టినట్టు. మంచి కంచు గ్లాసు కింద పడితే ఖంగుమంటుంది.
గణగణ – గుడి గంట.
ఘల్లుఘల్లు – కాలి గజ్జెలు.
ఝుమ్మని – తుమ్మెద, తంబుర.
గరగర – రేడియో స్టేషన్ సరిగ్గా కుదరనప్పుడు.

చివరి అయిదూ చూశారా? ఆ ధ్వనే మాటగా మారింది. ఇలాంటి మాటలను ధ్వన్యనుకరణ పదాలు అంటారు. తెలుగులో ఇవి వందల్లో ఉన్నాయి. సింథసైజర్ చేసే పని కూడా ఇంచుమించు ఇదే. లోకంలో ఉన్న ధ్వనిని అనుకరిస్తుంది. ఒక్కోసారి లోకంలో లేని ధ్వనిని కొత్తగా పుట్టిస్తుంది.

2. ధ్వని అంటే ఊగడం

మీ గొంతు మీద వేలు పెట్టి "మ్‌మ్‌మ్" అనండి. వేలికి వణుకు తెలుస్తుంది కదా! ధ్వని అంటే ఆ వణుకే. అది గాలిని ఊపుతుంది. ఊగే గాలి మన చెవిలోని పొరను ఊపుతుంది.

సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే లెక్కకు హెర్ట్జ్ అని పేరు. సెకనుకు 440 సార్లు ఊగితే 440 హెర్ట్జ్. ఊపు వేగం పెరిగితే స్వరం పైకి పోతుంది. సరిగ్గా రెట్టింపు అయితే, అంటే 880 అయితే, కింది షడ్జం నుంచి పై షడ్జానికి వెళ్ళినట్టు. సంగీతం క్లాసుకు వెళ్ళేవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పిల్లల చెవులకు దాదాపు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ పై ధ్వనులు వినిపించడం తగ్గుతుంది. అంటే ఈ విషయంలో మీ నాన్న చెవి కంటే మీ చెవే మెరుగు!

3. అనలాగ్: విద్యుత్తే ఊగుతుంది

అనలాగ్ సింథసైజర్‌లో విద్యుత్తు ఊగుతుంది. వీణ తీగ ఎలా ఊగుతుందో, లోపలి వోల్టేజ్ అలా పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపును స్పీకర్ గాలికి అందిస్తుంది.

దాని లోపల ముఖ్యంగా మూడు భాగాలుంటాయి.

ఆసిలేటర్: ఊపును పుట్టించేది. ఇక్కడ పుట్టిన ధ్వని కొంచెం మొరటుగా, తుమ్మెద రొదలా ఉంటుంది.

ఫిల్టర్: ఇది జల్లెడ లాంటిది. అమ్మమ్మ పిండి జల్లించి గరుకును తీసేసినట్టు, ఫిల్టర్ ఎక్కువ వేగంగా ఊగే భాగాలను తీసేస్తుంది. అప్పుడు మొరటు ధ్వని మెత్తబడుతుంది.

యాంప్లిఫయర్: ధ్వని ఎంత గట్టిగా రావాలో, ఎంతసేపు నిలవాలో చూసుకునేది. మీట నొక్కగానే ఠక్కున మొదలవ్వాలా, మెల్లగా లేవాలా అన్నది ఇక్కడ తేలుతుంది.

అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు 1964లో ఇలాంటి వాద్యాన్ని తయారుచేశాడు. మొదట్లో అవి పెద్ద బీరువాల్లా ఉండేవి. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి తీగలు గుచ్చి కలపాలి. 1970లో వచ్చిన మినీమూగ్ వాటికంటే చాలా చిన్నది. మనిషి మోసుకుపోగలిగేంత. అందులో మూడు ఆసిలేటర్లున్నాయి, కానీ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మూడు మీటలు ఒకేసారి నొక్కినా ఒక్కటే వినిపిస్తుంది. మనిషి గొంతు లాగా అన్నమాట. మనం కూడా ఒకేసారి "స", "ప" రెండూ పాడలేం కదా.

అనలాగ్‌కు ఒక అలవాటు ఉంది. గది వేడెక్కితే లోపలి భాగాలూ వేడెక్కుతాయి. అప్పుడు శ్రుతి కొంచెం జరుగుతుంది. అందుకే పాత అనలాగ్ సింథసైజర్‌ను ఆన్ చేశాక కాసేపు ఆగి, శ్రుతి చూసుకుని వాయించేవారు. ఎండలో పెట్టిన మృదంగం శ్రుతి మారదూ? ఇదీ అంతే.

ఈ జారుడు చెడ్డదేనా? ఎప్పుడూ కాదు. ఒక ఆసిలేటర్ 440 హెర్ట్జ్ దగ్గర, రెండోది 441 దగ్గర ఉన్నాయనుకోండి. రెండూ కలిసి పలికితే ధ్వని సెకనుకు ఒకసారి పెరిగి తగ్గుతుంది, అలలాగా. ధ్వని నిలిచి ఉన్నట్టే ఉంటుంది, కానీ లోపల కదులుతూ ఉంటుంది. "నిండుగా ఉంది" అని జనం అనేది చాలావరకు ఈ కదలికనే.

4. డిజిటల్: చుక్కల ముగ్గు

డిజిటల్ సింథసైజర్ లోపల ఊగే విద్యుత్తుకు బదులు అంకెలుంటాయి. చిన్న కంప్యూటర్ లెక్క చేస్తూ ఉంటుంది: ఈ క్షణంలో ధ్వని ఎంత ఎత్తులో ఉండాలి? తర్వాతి క్షణంలో ఎంత? ఆ తర్వాత ఎంత?

సంక్రాంతికి అమ్మ ముగ్గు వేయడం చూశారా? ముందు చుక్కలు పెడుతుంది. తర్వాత ఆ చుక్కలను బట్టి మెలికలు తిరిగే గీత గీస్తుంది. డిజిటల్ ధ్వని అలాంటిదే. అంకెలే చుక్కలు. చివర్లో ఒక భాగం ఆ చుక్కల గుండా నున్నటి గీత గీసి స్పీకర్‌కు ఇస్తుంది.

సీడీలో సెకనుకు 44,100 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు 65,536 ఎత్తుల్లో ఒక ఎత్తు ఉంటుంది. ఎందుకన్ని? మనకు వినిపించే అత్యంత వేగమైన ఊపు 20,000 హెర్ట్జ్. దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ చుక్కలు కావాలి. ఇది గణితంలో నిరూపించిన సంగతి. హ్యారీ నైక్విస్ట్, క్లాడ్ షానన్ అనే ఇద్దరి పేర్లు దీనితో ముడిపడి ఉన్నాయి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. "డిజిటల్ ధ్వని మెట్లలా ఉంటుంది, అనలాగ్ జారుడుబల్లలా ఉంటుంది" అంటారు. లోపలి అంకెలు విడివిడిగా ఉండే మాట నిజమే. కానీ బయటికి వచ్చే ధ్వనిలో మెట్లు ఉండవు. ముగ్గు పూర్తయ్యాక మీకు కనిపించేది గీత కదా, చుక్కలు కాదు!

అయితే చుక్కలు తక్కువైతే మాత్రం చిక్కే. అవే చుక్కల గుండా వేరే ముగ్గు కూడా వేయొచ్చు. ఉదాహరణకు 30,000 హెర్ట్జ్ ధ్వనిని సెకనుకు 44,100 చుక్కలతో పట్టుకోబోతే, అది 14,100 హెర్ట్జ్ ధ్వనిగా బయటికొస్తుంది. మనకు వినిపించని ధ్వని, వినిపించే అబద్ధపు ధ్వనిగా మారిందన్నమాట. సినిమాలో కారు చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అదీ ఇలాంటిదే. మంచి డిజిటల్ వాద్యం ఇలా జరగకుండా ముందే జాగ్రత్త పడుతుంది. తొలిరోజుల చవక వాద్యాల్లో కొన్ని కీచుమనడానికి, గరగరలాడడానికి ఇదొక కారణం.

5. గంట కొట్టిన యంత్రం

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే సంగీతజ్ఞుడు 1967లో ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఒక ఊపుతో ఇంకో ఊపును చాలా వేగంగా ఊపాడు. అప్పుడు గంటలు, గజ్జెలు, లోహపు పళ్ళాల వంటి ధ్వనులు పుట్టాయి. ఈ పద్ధతిని జపాన్ కంపెనీ యమహా తీసుకుంది. 1983లో డి.ఎక్స్.7 అనే డిజిటల్ సింథసైజర్‌ను తెచ్చింది. దానిలో 61 మీటలున్నాయి. ఒకేసారి 16 స్వరాలు పలుకుతాయి. శ్రుతి జారదు. ఇవాళ ఎలా పలికిందో పదేళ్ళ తర్వాత కూడా అలాగే పలుకుతుంది.

అనలాగ్‌కు కష్టమైన ఖంగుమనే ధ్వని దీనికి చాలా తేలిక. అందుకే 1980లలో ప్రపంచంలోని పాటలన్నిటా ఒక్కసారిగా గంటలు గణగణలాడాయి. విండోస్ 95 మొదలైనప్పుడు వినిపించే చిన్న సంగీతాన్ని కూర్చిన బ్రయన్ ఈనో కూడా డి.ఎక్స్.7ను ఇష్టంగా వాడినవాడే. రెడ్‌మండ్‌లో పనిచేసే మీ అమ్మనో నాన్ననో ఆ సంగీతం గుర్తుందేమో అడగండి.

6. మన దేశంలో, మన సినిమాల్లో

1954లో వచ్చిన "నాగిన్" అనే హిందీ సినిమాలో పాములవాడి నాదస్వరం ఉంటుంది. ఆ బాణీ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు ఇప్పటికీ వాయిస్తారు. సినిమాలో ఆ ధ్వని నిజమైన పాములవాడి బుర్రది కాదు. కళ్యాణ్‌జీ అనే కళాకారుడు క్లావియొలిన్ అనే చిన్న విద్యుత్ వాద్యం మీద వాయించాడు. అది అనలాగ్ సింథసైజర్‌కు తాత వరస అనుకోవచ్చు.

1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి అక్కడ స్టూడియో ఏర్పాటు చేశాడు. 1982లో ముంబైలో చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ అనలాగ్ వాద్యాల మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడు.

తెలుగు సినిమాల సంగతి? 1980లు, 90లలో రాజ్–కోటి అనే జంట ఎన్నో సినిమాలకు సంగీతం ఇచ్చింది. రాజ్ అంటే సంగీత దర్శకుడు టి.వి. రాజు కొడుకు. కోటి అంటే సాలూరి రాజేశ్వరరావు కొడుకు. తండ్రుల కాలంలో పాటకు పెద్ద వాద్యబృందం కూర్చునేది. కొడుకుల కాలానికి సింథసైజర్లు కూడా ఆ బృందంలో చేరాయి. ఈ జంట దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాళ్ళలో ఒకరు తర్వాత ప్రపంచమంతటికీ తెలిశారు. ఆయనే ఏ.ఆర్. రహ్మాన్!

7. పక్కపక్కన పెట్టి చూద్దాం

శ్రుతి – అనలాగ్: వేడికి కొంచెం జారుతుంది. డిజిటల్: జారదు.
ఒకే స్వరం రెండుసార్లు – అనలాగ్: రెండోసారి రవ్వంత తేడా ఉంటుంది. డిజిటల్: అచ్చు మొదటిసారి లాగానే ఉంటుంది.
బాగా పలికేవి – అనలాగ్: నిండైన మంద్రస్వరాలు, మెల్లగా విచ్చుకునే ధ్వనులు. డిజిటల్: గంటలు, గజ్జెలు, పియానో వంటివి.
గుర్తుపెట్టుకోవడం – పాత అనలాగ్: మరల స్థానాలు కాగితం మీద రాసుకోవాలి. డిజిటల్: మీట నొక్కితే పాత ధ్వని తిరిగొస్తుంది.
మరీ గట్టిగా పెడితే – అనలాగ్: మెల్లగా బొంగురుపోతుంది. డిజిటల్: హద్దు దాటగానే ఒక్కసారిగా గరగరమంటుంది.

ఒక ముఖ్యమైన మాట. ఇది పాత వాద్యాల పోలిక. ఇప్పటి డిజిటల్ వాద్యాలు కావాలనే శ్రుతిని రవ్వంత జార్చి అనలాగ్‌ను అనుకరిస్తాయి. ఇప్పటి అనలాగ్ వాద్యాల్లో శ్రుతిని నిలబెట్టడానికి డిజిటల్ భాగాలుంటాయి. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు.

8. సంభాషణ: ఏది కొనాలి?

(ఇద్దరు జంటగా చదవండి. ఒకరు అక్క, ఒకరు తమ్ముడు. అమ్మమ్మ మాటలు మీ టీచర్ చదువుతారు. బాతెల్‌లో సాయంత్రం, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తెల్లవారింది. వీడియో కాల్ నడుస్తోంది.)

తమ్ముడు: అక్కా, నా దగ్గర నాలుగు వందల డాలర్లు అయ్యాయి. సెకండ్ హ్యాండ్ అనలాగ్ సింథ్ కొనుక్కుంటా.

అక్క: ఉగాది ప్రోగ్రాంలో నువ్వు పాటకి వాయించాలి కదరా. దాంట్లో ఒకసారికి ఒక్క స్వరమే వస్తుంది. ఆ డబ్బుకి డిజిటల్‌ది కొంటే అన్నీ వస్తాయి.

తమ్ముడు: డిజిటల్ ఫేక్, అక్కా. నా ఫ్రెండ్ చెప్పాడు. అనలాగే రియల్.

అక్క: నువ్వు విన్నావా, వాడు చెప్పింది విన్నావా?

తమ్ముడు: ...వాడు చెప్పిందే.

అమ్మమ్మ: ఏంట్రా నాన్నా ఆ గొడవ? నాకూ చెప్పండి.

అక్క: వీడు మెషీన్ అసలుదా నకిలీదా అంటున్నాడు అమ్మమ్మా.

అమ్మమ్మ: కందిపొడి బాగుందా లేదా అన్నది డబ్బా మీద రాసి ఉంటుందా? నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. కళ్ళు మూసుకుని వినండి. రెండూ ఒకళ్ళు వాయించండి, ఇంకొకళ్ళు చెప్పండి.

తమ్ముడు: అమ్మమ్మా, ఒకటి అడగనా? నువ్వు మాట్లాడే తెలుగు రియల్. నేను క్లాసులో నేర్చుకున్నా. మరి నాది డిజిటల్ తెలుగా?

అమ్మమ్మ: (నవ్వుతూ) నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నా, నువ్వు మీ టీచరమ్మ దగ్గర నేర్చుకుంటున్నావు. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది, నాకు నవ్వొచ్చింది. ఇంకేం కావాలి? కానీ ఒరేయ్, "ళ" మాత్రం ఇంకా సరిగ్గా పలకట్లేదు. "కళ్ళు" అను చూద్దాం!

తమ్ముడు: కల్లు!

అమ్మమ్మ: అయ్యో రామా! ఆ కల్లు వేరు నాన్నా. నాలుక పైకి మడిచి అను. క-ళ్ళు.

9. కళ్ళు మూసుకుని పరీక్ష

అమ్మమ్మ చెప్పిన పరీక్షను శాస్త్రవేత్తలు కూడా వాడతారు. మీరూ చేయండి.

అ. ఒకే స్వరాన్ని రెండు వాద్యాల మీద పలికించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అనలాగ్ వాద్యం దొరక్కపోతే ఇంట్లోని కీబోర్డు వేణువునీ, నిజమైన వేణువునీ పోల్చండి. సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్‌కు వెళ్తే అక్కడి సౌండ్ ల్యాబ్‌లో వాద్యాలు మీరే వాయించి చూడొచ్చు.
ఆ. రెండూ ఒకే గట్టితనంతో వినిపించేలా సర్దండి. ఇది మరవొద్దు. కొంచెం గట్టిగా వినిపించేదే బాగుందని మన చెవి అనేస్తుంది.
ఇ. ఒకరు బొమ్మా బొరుసూ వేసి, పడినదాన్ని బట్టి ఏదో ఒకటి వినిపించాలి. ఇంకొకరు కళ్ళు మూసుకుని చెప్పాలి. పదిసార్లు చేయండి.
ఈ. లెక్క చూడండి. పదిలో అయిదు సరిగ్గా చెప్తే, అది ఊహించి చెప్పినట్టే. తొమ్మిది గానీ పది గానీ సరిగ్గా చెప్తే మీకు తేడా నిజంగా తెలుస్తోందన్నమాట. ఊరికే ఊహించి అన్ని సరిగ్గా చెప్పే అవకాశం 1,024లో 11 మాత్రమే, అంటే నూటికి ఒకటి.

తేడా తెలియకపోతే సిగ్గుపడక్కర్లేదు. తెలిస్తే గర్వపడక్కర్లేదు. తేడా తెలియడం వేరు, ఏది బాగుందో చెప్పడం వేరు. మొదటిది పరీక్షలో తేలుతుంది. రెండోది మీ ఇష్టం.

10. రెండింటికీ కష్టమైనది: గమకం

కీబోర్డులో ఒక స్థాయికి 12 మీటలే. ఒక మీటకు ఒకే స్వరం. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలబడదు. పక్క స్వరాన్ని తాకుతుంది, ఊగుతుంది, జారుతుంది. దీన్ని గమకం అంటారు. వీణ మీద తీగను పక్కకు లాగితే గమకం వస్తుంది. కీబోర్డులో మీటను పక్కకు లాగలేం! అందుకే ఎడమ పక్కన చిన్న చక్రం పెట్టారు. దాన్ని తిప్పితే స్వరం పైకీ కిందికీ వంగుతుంది. కుడి చేత్తో మీట, ఎడమ చేత్తో చక్రం. అనలాగ్ అయినా డిజిటల్ అయినా కష్టం వాయించేవాళ్ళదే.

తంబుర సంగతి కూడా చూడండి. తంబుర తీగ ఆనేచోట కింద చిన్న దారం పెడతారు. అందుకే అది ఝుమ్మంటుంది. బెంగళూరుకు చెందిన జి. రాజ్‌నారాయణ్ అనే ఇంజనీరు వేణువు కూడా వాయించేవారు. 1979లో ఆయన ఎలక్ట్రానిక్ తంబురను తయారుచేశారు. ఇప్పుడు బాతెల్‌లో సంగీతం నేర్చుకునే పిల్లలు చాలామంది ఫోన్‌లోని తంబురతోనే సాధన చేస్తారు. అది తంబుర కాదని ఎవరూ పాడడం మానలేదు. కానీ అవకాశం వస్తే నిజమైన తంబుర పక్కన ఒకసారి కూర్చోండి. దాని ఝంకారం చెవికే కాదు, ఒంటికి కూడా తెలుస్తుంది.

11. ఫోన్‌లో పోయే అక్షరాలు

మామూలు టెలిఫోన్ ధ్వనికి సెకనుకు 8,000 చుక్కలే పెడుతుంది. అందుకే దాదాపు 3,400 హెర్ట్జ్ పైన ఉన్నది ఏదీ అవతలికి చేరదు. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ "స" అనేటప్పుడు వచ్చే సుస్సుమనే ధ్వనిలో ఎక్కువ భాగం అంతకంటే పైనే ఉంటుంది. అందుకే పాత ఫోన్లలో "స", "శ" ఒకలాగే వినిపిస్తాయి. ఇప్పటి వీడియో కాల్స్‌లో చుక్కలు ఎక్కువ. తేడా బాగా తెలుస్తుంది.

సకలం అంటే అంతా. శకలం అంటే ముక్క. అర్థాలు పూర్తిగా వేరు! కాబట్టి తాతయ్యకు ఫోన్‌లో మాట సరిగ్గా వినిపించకపోతే, తప్పు మీ నాలుకదే అనుకోకండి. చుక్కలు చాలకపోయి ఉండొచ్చు.

12. మన ఊళ్ళో ధ్వని

బాతెల్‌లో ధ్వనితో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. సోనోసైట్ కంపెనీ ఇక్కడే ఉంది. అది అల్ట్రాసౌండ్ యంత్రాలు తయారుచేస్తుంది. ఆ యంత్రం మనకు వినిపించని ధ్వనిని శరీరంలోకి పంపుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వని ముందు విద్యుత్తు ఊపుగా మారుతుంది, తర్వాత అంకెలుగా మారుతుంది, చివరికి బొమ్మగా మారుతుంది. మీరు పుట్టకముందే మీ బొమ్మను అమ్మానాన్నలకు చూపించింది ఇలాంటి యంత్రమే.

ఇంకొకటి. శీతాకాలం సాయంత్రాల్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బాతెల్ ప్రాంగణం దగ్గరి చిత్తడి నేలకు వేల కాకులు నిద్రకు చేరతాయి. కొన్ని రోజుల్లో 16,000 దాకా వస్తాయి. కాకి అరిస్తే చుట్టాలొస్తారని మన పెద్దలంటారు. మరి పదహారు వేల కాకులు అరిస్తే ఎంతమంది చుట్టాలు రావాలి! ఒక సాయంత్రం పెద్దవాళ్ళతో వెళ్ళి ఆ ధ్వనిని ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటికొచ్చి వినండి. అక్కడ విన్నదానికీ ఇక్కడ విన్నదానికీ తేడా ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి.

వ్యాకరణం: పోల్చి చెప్పడం

కంటే: వీణ కంటే మృదంగం గట్టిగా పలుకుతుంది.
అంత ... కాదు: ఈ కీబోర్డు అంత పాతది కాదు.
లాగా: ఈ ధ్వని గంట లాగా ఉంది.
రెండూ ఒకటే: నాకు రెండూ ఒకటే అనిపించాయి.
గుర్తుంచుకోండి: ఇంగ్లీషులో పోల్చేటప్పుడు గుణం చెప్పే మాట రూపం మారుతుంది. తెలుగులో మారదు. "కంటే" ఒక్కటే ఆ పని చేస్తుంది. "పెద్ద" ఎప్పుడూ "పెద్ద"గానే ఉంటుంది.

అభ్యాసాలు

అ. ఖాళీలు పూరించండి. (జల్లెడ, చుక్కలు, గణగణ, నిండుగా, గమకం)
1. గుడిలో గంట ______ మోగింది.
2. ఫిల్టర్ ______ లాగా పనిచేస్తుంది.
3. స్వరాన్ని ఊపుతూ పాడడాన్ని ______ అంటారు.
4. డిజిటల్ ధ్వనిలో అంకెలే ______.
5. రెండు ఆసిలేటర్లు కలిస్తే ధ్వని ______ ఉంటుంది.

ఆ. ఒప్పా, తప్పా? తప్పయితే సరిచేసి రాయండి.
1. మినీమూగ్ ఒకేసారి 16 స్వరాలు పలుకుతుంది.
2. డిజిటల్ స్పీకర్ నుంచి మెట్ల లాంటి ధ్వని వస్తుంది.
3. ఏ.ఆర్. రహ్మాన్ రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించారు.

ఇ. పెద్ద సంఖ్యలు. సెకనుకు 44,100 చుక్కలయితే, మూడు నిమిషాల పాటకు ఎన్ని? జవాబును లక్షల్లో, వేలల్లో తెలుగులో పైకి చదవండి.

ఈ. పెద్దవాళ్ళను అడగండి. మీ ఇంట్లో మొదటి కీబోర్డు గానీ టేప్ రికార్డరు గానీ ఎప్పుడు కొన్నారు? ఎవరు వాయించేవారు? ఏ పాట ఎక్కువ వినేవారు? జవాబులను అయిదు వాక్యాల్లో రాసి క్లాసులో చదవండి.

ఉ. మీ నిర్ణయం. సంభాషణలోని తమ్ముడు ఏది కొనాలి? ఉగాది కార్యక్రమం, నాలుగు వందల డాలర్లు, అతని ఇష్టం, మూడింటినీ ఆలోచించి ఎనిమిది వాక్యాలు రాయండి. "కంటే" మూడుసార్లు, ధ్వన్యనుకరణ పదాలు రెండు వాడండి. ఇందులో ఒప్పు, తప్పు లేవు. కారణం మాత్రం చెప్పాలి.

జవాబులు
అ: 1. గణగణ 2. జల్లెడ 3. గమకం 4. చుక్కలు 5. నిండుగా
ఆ: 1. తప్పు, ఒక్క స్వరమే. 2. తప్పు, నున్నటి గీత లాంటి ధ్వని వస్తుంది. 3. ఒప్పు.
ఇ: 79,38,000. డెబ్బై తొమ్మిది లక్షల ముప్ఫై ఎనిమిది వేలు. ఇది ఒక్క చెవికి వెళ్ళే లెక్క. రెండు చెవులకూ కలిపితే ఎంతో మీరే చెప్పండి!